పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది

వాద్యాల వెనుక చేతులు: 9వ భాగం

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అని ఒక ఊరు. 1870ల్లో అక్కడ చార్లెస్ జెరార్డ్ కాన్ అనే ఆయన రొట్టెలు, కిరాణా అమ్మేవాడు, రబ్బరు స్టాంపులు చేసేవాడు, తీరికవేళల్లో ఊరి బ్యాండులో కార్నెట్ ఊదేవాడు. ఒక తగువులో దెబ్బ తగిలి ఆయన పెదవి చిట్లింది. ఆ పెదవికి లోహపు మౌత్‌పీస్ అంచు ఆనితే తట్టుకోలేని నొప్పి. ఎలాగూ రబ్బరుతో పనిచేసే మనిషి కాబట్టి, ఆ అంచుకు మెత్తటి రబ్బరు తొడిగి ఊదుకున్నాడు. చూసినవాళ్లు తమకూ కావాలన్నారు. 1875లో పేటెంటు చేతికొచ్చింది. ఆ రబ్బరు అంచుతో మొదలైన వ్యాపారమే పెరిగి పెద్దదై, ఎల్కార్ట్‌ను బ్యాండు వాయిద్యాల రాజధానిగా నిలబెట్టింది. కాన్‌ను కొట్టినవాడికి ఆ ఊళ్లో ఒక విగ్రహం బాకీ ఉన్నట్టే.

కాన్ చేసింది ఇత్తడి వాద్యాల మౌత్‌పీస్. ఈ భాగంలో కథ క్లారినెట్ మౌత్‌పీస్‌ది. ఎల్కార్ట్ ప్రస్తావన ఎందుకంటే, ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఊరి నుంచి బయటికొచ్చిన క్లారినెట్ మౌత్‌పీసుల్లో చాలావాటి మీద ఆ ఊరి పేరు లేదు, చేసినవాళ్ల పేరూ లేదు. న్యూయార్క్ దుకాణం పేరో, షికాగో వాద్యకారుడి పేరో ఉంటుంది. పారిస్ నుంచి వచ్చినవాటిదీ ఇదే తంతు. పాత క్లారినెట్ పెట్టె తెరిచి అందులోని మౌత్‌పీస్ ఎవరు చేశారో తేల్చాలంటే, దాని మీద అచ్చేసిన పేరును అందరికన్నా చివర విచారించాల్సిన సాక్షిగా పెట్టుకోవాలి.

క్లారినెట్ తెలుగువాళ్లకు కొత్త కాదు. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ముందు నడుస్తూ సినిమా పాట ఎత్తుకునేది ఎక్కువగా అదే. కర్ణాటక సంగీతంలో ఎ.కె.సి. నటరాజన్ దాన్ని నాదస్వర బాణీలో పలికించి కచేరీ వాద్యంగా నిలబెట్టారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే గొట్టాన్నీ మీటలనూ చూసినంతగా నోట్లో పెట్టుకునే ముక్కను ఎవరూ చూడరు. నాదం సగం పుట్టేది అక్కడే.

దాని పొడవు సుమారు తొమ్మిది సెంటీమీటర్లు. కింది కొసకు కార్కు చుట్టి ఉంటుంది, అది గొట్టంలోకి దిగుతుంది. పై కొస ఏటవాలుగా సన్నబడి పల్చని అంచుతో ముగుస్తుంది. ఒక పక్క చదునైన బల్ల, దాని మీద పొడవాటి కిటికీ. కిటికీని మూస్తూ రెల్లు ముక్కను, అంటే రీడ్‌ను, ఆనించి బిగిస్తారు. బల్ల చదునే గానీ, కిటికీకి రెండు వైపులా ఉన్న పట్టాలు కొంత దూరం పోయాక కంటికి ఆననంత వంపు తిరిగి రీడ్ నుంచి తప్పుకుంటాయి. చివరి అంచు దగ్గర రీడ్‌కీ దానికీ మధ్య ఒక మిల్లీమీటరుకు కాస్త పైన సందు మిగులుతుంది. ఈ వంపునే ఫేసింగ్ అంటారు. వాండోరెన్ కంపెనీ 5ఆర్‌వి మౌత్‌పీస్‌లో ఆ సందు 1.065 మిల్లీమీటర్లు, బి45లో 1.195. మధ్య తేడా 0.13 మిల్లీమీటరు. ఒకదానికి అలవాటుపడ్డ వాద్యకారుడి చేతికి రెండోది ఇస్తే రీడ్ మందం మార్చుకోవాలి, ఊపిరి పట్టే తీరు మార్చుకోవాలి. కొన్నిసార్లు మనసే మార్చుకుని పాతదాన్ని వెనక్కి అడుగుతాడు.

మొదట్లో ఈ ముక్క ఎవరిదన్న ప్రశ్నే లేదు. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ క్లారినెట్‌కు రూపం ఇచ్చినప్పుడు గొట్టం, మీటలు, మౌత్‌పీస్ అన్నీ ఒకే కార్ఖానాలో తయారయ్యేవి. బాక్స్‌వుడ్, నల్లచేవ, అరుదుగా దంతం. రీడ్‌ను దారంతో చుట్టి కట్టేవారు. తయారీదారు ముద్ర గొట్టం మీద ఉన్నట్టే కొన్ని మౌత్‌పీసుల మీదా ఉండేది.

ఆ ముద్ర పరిశోధకులకు వేరే దారిలో అక్కరకొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో చాలామంది రీడ్‌ను పై పెదవికి తగిలేలా పెట్టి ఊదేవారు. ఇప్పుడు దాదాపు అందరూ కింది పెదవి మీద పెడతారు. మరి ఫలానా పాత వాద్యాన్ని ఏ తీరున ఊదారో ఎలా తెలుస్తుంది? గొట్టం మీది ముద్రలన్నీ చూసేవాళ్ల వైపు, పైకి ఉంటాయి. మౌత్‌పీస్ మీది ముద్ర కూడా వాటి వరసలోనే పైకి ఉండాలి. అది రీడ్ ఉండే వైపునే కొట్టి ఉంటే, రీడ్ పైకి ఉండేదన్నమాట. ఎదుటి వైపు కొట్టి ఉంటే రీడ్ కింద ఉండేది. ఊదినవాళ్లు పోయి రెండొందల ఏళ్లయినా, వాళ్ల పెదవుల సంగతి ఒక ముద్ర చెబుతోంది. పారిస్ సంగీత విద్యాలయం కోసం జాన్ గ్జావియే లెఫెవ్ర్ 1802లో రాసిన పాఠ్యగ్రంథం రీడ్ పైకి పెట్టమంది. అదే విద్యాలయం 1831లో ఫ్రెడరిక్ బెర్ చొరవతో కిందికి మార్చుకుంది. ఇటలీ దక్షిణాన మాత్రం పాత పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలోకీ కొనసాగింది.

ఇంత సాక్ష్యం ఇచ్చే ముక్కలు మిగిలింది తక్కువ. గొట్టం వందేళ్లు నిలుస్తుంది, మౌత్‌పీస్ నిలవదు. పళ్లగాట్లు పడుతుంది, తడికి ఉబ్బుతుంది, కొన విరుగుతుంది. మ్యూజియం అద్దాల వెనుక ఉన్న పాత క్లారినెట్లలో చాలావాటికి ఇప్పుడు తగిలించి ఉన్నది తరవాత ఎవరో తెచ్చి పెట్టిన మౌత్‌పీసే. సముద్రగర్భపు మట్టిలో హిమయుగాల లెక్క చదివిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త సర్ నికొలస్ షాకిల్టన్‌కు క్లారినెట్లంటే ప్రాణం. వందల కొద్దీ సేకరించాడు. 2006లో ఆయన పోయాక ఆ సేకరణ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చేరింది. పొరలు చూసి కాలం చెప్పే చూపు ఈ పనికీ పనికొస్తుంది. గొట్టం వయసూ మౌత్‌పీస్ వయసూ వేరు వేరుగా లెక్కకట్టాలని తెలియనివాడు ఇక్కడ మొదటి అడుగులోనే బోల్తా పడతాడు.

చెక్కతో వచ్చిన చిక్కల్లా తడి. ఉదయం చదునుగా ఉన్న బల్ల గంట ఊదేసరికి వంకర పోతుంది. ఈ బాధ తీర్చింది రబ్బరు. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి కాచే పద్ధతికి 1844లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. గంధకం పాలు బాగా పెంచితే రబ్బరు మెత్తదనం పోయి కొమ్ములా గట్టిపడుతుంది. దానికి 1851లో పేటెంటు పొందినవాడు ఆయన తమ్ముడు నెల్సన్. ఆ గట్టి నల్లటి పదార్థమే ఎబొనైట్. నీరు పీల్చదు, ఉబ్బదు, లేతు మీద చక్కగా కోతకు లొంగుతుంది, సన్న ఆకురాయికీ లొంగుతుంది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు మౌత్‌పీస్ చెక్క నుంచి దీనికి మారిపోయింది.

గోదావరి జిల్లాలవాళ్లకు ఎబొనైట్ గురించి వేరే చెప్పక్కర్లేదు. రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం స్వదేశీ పిలుపు విని మొదలుపెట్టిన పెన్నులు ఎబొనైట్ కడ్డీలను లేతు మీద తరిణ పట్టి చేసినవే. ఆ పెన్ను మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. తాతగారి రత్నం పెన్ను ఇంట్లో ఉన్నవాళ్లు ఒక పరీక్ష చేయవచ్చు. మూతను బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూస్తే, కాల్చిన అగ్గిపుల్లను గుర్తుకు తెచ్చే గంధకం వాసన వస్తుంది. పాత మౌత్‌పీస్‌కూ ఇదే మొదటి పరీక్ష. వాసన వస్తే ఎబొనైట్, రాకపోతే బహుశా ప్లాస్టిక్. ఎన్నో ఏళ్లు కిటికీ పక్కన పడి ఉన్న పెన్ను నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు దిగినట్టే మౌత్‌పీసూ దిగుతుంది. ఆ రంగు చూసి వందేళ్ల నాటిదని మురిసిపోకూడదు. వేడినీళ్లతో కడిగినా అదే రంగు వస్తుంది.

ఎబొనైట్ రావడంతో పని మూడు చేతులకు పంపకమైంది. రబ్బరును కాచి, అచ్చు పోసో కడ్డీ కోసో పైరూపం, లోపలి రంధ్రం తీసేవాడు ఒకడు. ఇంకా ఫేసింగ్ పెట్టని ఆ ముక్కను బ్లాంక్ అంటారు. దాన్ని కొని, బల్ల చదును చేసి, పట్టాలకు వంపు పెట్టి, లోపల ఆకురాయి ఆడించి పలికేలా చేసేవాడు ఇంకొకడు. దాని మీద పేరు కొట్టించి అమ్మేవాడు మూడోవాడు. ముగ్గురూ ఒక్కరే కావచ్చు, ముగ్గురు మూడు దేశాలవాళ్లూ కావచ్చు. పేరు మాత్రం ఒక్కటే పడుతుంది. ఎక్కువగా అది మూడోవాడిదో రెండోవాడిదో అవుతుంది. మొదటివాడు గల్లంతు.

దీనికి చక్కటి ఉదాహరణ షెడెవిల్, కాస్పర్‌ల కథ. ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు లా కుతూర్-బుసే గ్రామం, దాని చుట్టుపక్కల ఊళ్లు తరాలుగా చెక్క వాద్యాలకు పుట్టిల్లు. 1888లోనే అక్కడ వాయిద్యాల మ్యూజియం పెట్టుకున్నారు. నోబ్లే, తిబూవిల్ లాంటి కుటుంబాలు ఆ ప్రాంతపువే. అక్కడి పనివాళ్లు చేసిన సరుకు పారిస్ పేరుతో ప్రపంచమంతా తిరిగేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఫ్రెంచి మౌత్‌పీసుల్లో మిన్న అనిపించుకున్నవి షార్ల్ షెడెవిల్ చేసినవి. అదే ఇంటిపేరున్న హెన్రీ షెడెవిల్ అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వెళ్లి పనిచేశాడు. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో మొదటి క్లారినెట్ వాయించిన ఫ్రెంచివాడు డానియెల్ బొనాద్, ఆయన శిష్యులు ఆ నాదాన్ని అమెరికా అంతటా ఆదర్శంగా నాటారు. ఆ నాదం కావాలన్న ప్రతివాడికీ షెడెవిల్ మౌత్‌పీస్ కావాల్సి వచ్చింది.

అక్కడ అడుగుపెట్టాడు షికాగోకు చెందిన ఫ్రాంక్ కాస్పర్. ఆయన బ్లాంకులు పోయలేదు. షెడెవిల్ బ్లాంకులు తెప్పించుకుని, వాటికి తన చేత్తో ఫేసింగ్ పెట్టి, తన పేరు కొట్టి అమ్మాడు. ఆ పేరే చివరికి షెడెవిల్ పేరుతో సమానంగా వెలిగింది. క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో 1953 నుంచి 1973 దాకా మొదటి క్లారినెట్ వాయించిన రాబర్ట్ మార్సెలస్ నోట్లో ఉన్నది కాస్పరే. జార్జి సెల్ నడిపిన ఆ ఆర్కెస్ట్రా రికార్డులు విని పెరిగిన ఒక తరం విద్యార్థులు కాస్పర్ కోసం అప్పులు చేయడానికీ వెనుకాడలేదు.

చిక్కు అక్కడితో ఆగలేదు. కాస్పర్‌కు అదే పేరున్న బంధువు ఇంకొకరున్నారు: ఫ్రాంక్ ఎల్. కాస్పర్. ఆయనదీ అదే వృత్తి. షికాగో పక్కనే ఉన్న సిసిరోలోనూ, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లోనూ పనిచేశాడు. అందుకే ఈ రంగంలో మునిగితేలేవాళ్లు ఉట్టి కాస్పర్ అనరు, షికాగో కాస్పర్, సిసిరో కాస్పర్, ఆన్ ఆర్బర్ కాస్పర్ అని ఊరు పెట్టి పిలుస్తారు. మన దగ్గర చీరను వెంకటగిరి, గద్వాల, పోచంపల్లి అన్నట్టే. ఒక్క పేరు కింద ఇద్దరు మనుషులు, మూడు ఊళ్లు, వాటి లోపల ఒకటికి మించిన చోట్ల పుట్టిన బ్లాంకులు. ముద్రలో ఎల్ అనే అక్షరం ఉందా లేదా అన్నదాని మీద బేరం మారిపోతుంది.

మరి మొదటివాణ్ని, అంటే బ్లాంకు చేసినవాణ్ని, పట్టుకునేదెలా? బయట కాదు, లోపల చూసి.

దీపం వైపు తిప్పి కింది రంధ్రంలోంచి చూస్తే గుండ్రటి దారి పైకి పోతూ ఒకచోట పలకలుగా మారుతుంది. అక్కడి నుంచి కిటికీ కింద ఉండే చిన్న గదిని చాంబర్ అంటారు. దాని పక్కగోడలు సమంగా నిలబడి ఉన్నాయా, లేక పైకి పోయేకొద్దీ దగ్గరవుతున్నాయా అన్నది మొదటి గుర్తు. దారి గుండ్రం నుంచి పలకలకు ఎక్కడ, ఎంత నున్నగా మారుతోంది అన్నది రెండోది. రీడ్‌కు ఎదురుగా ఉండే ఏటవాలు గోడ కొన దగ్గర పల్లంగా ఉందా, ఉబ్బుగా ఉందా అన్నది మూడోది. అయితే ఫేసింగ్ పెట్టేవాడు ఈ మూడో చోటే ఎక్కువగా ఆకురాయి ఆడిస్తాడు కాబట్టి దాన్ని అంతగా నమ్మడానికి లేదు. అతని చెయ్యి సామాన్యంగా చేరనిది లోతున ఉన్న రంధ్రం. బ్లాంకు పోసినవాడి అసలు వేలిముద్ర అదే.

అచ్చులో పోసిన బ్లాంకుకు లోపల ఉక్కు కడ్డీ ఒకటి నిలబెడతారు. రబ్బరు గట్టిపడ్డాక దాన్ని లాగేస్తే రంధ్రం మిగులుతుంది. ఆ కడ్డీ మీద గీత ఉంటే, దాంతో పోసిన ప్రతి మౌత్‌పీస్ లోపలా ఆ గీత ఉంటుంది. బయట రెండు వేర్వేరు కంపెనీల పేర్లున్న మౌత్‌పీసుల్లో ఒకే చోట ఒకే మచ్చ దొరికిందంటే, రెండూ ఒక్క కడుపున పుట్టినవే. రబ్బరు కడ్డీ కోసి చేసినవాటిలో ఈ గీతలుండవు, పనిముట్ల కోత గీతలు ఉంటాయి. ఒక పనివాడి ఉలి నడక ఇంకొకడికి రాదు.

కొలత కూడా సాక్ష్యమే. ఫ్రెంచి మౌత్‌పీస్ రంధ్రం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇంగ్లండులో బూజీ అండ్ హాక్స్ కంపెనీ 1010 నమూనా క్లారినెట్ గొట్టం లోవెడల్పు సుమారు 15.2 మిల్లీమీటర్లు, దాని మౌత్‌పీస్ రంధ్రం కూడా సన్నబడకుండా అంతే వెడల్పున తిన్నగా పోతుంది. అక్కడి పేరున్న వాద్యకారులు ఫ్రెడరిక్ థర్‌స్టన్, జాక్ బ్రైమర్ వాయించినది ఈ వాద్యాన్నే. దాని మౌత్‌పీస్‌ను ఫ్రెంచి గొట్టానికి తొడిగితే శ్రుతి అతకదు. వాద్యం పలకడం లేదని విసుక్కునేవాళ్లు కొందరు నిజానికి ఈ తప్పుడు జంటను ఊదుతున్నవాళ్లే. జర్మను మౌత్‌పీస్‌ను గుర్తుపట్టడానికి కొలబద్ద కూడా అక్కర్లేదు. రీడ్‌ను ఇప్పటికీ దారంతో కట్టుకునేవాళ్లు అక్కడ ఉన్నారు, ఆ దారం జారకుండా ఒంటి చుట్టూ సన్నటి గాళ్లుంటాయి. లోహపు పట్టీతో బిగించే పద్ధతికి, అంటే ఇప్పుడు అంతటా కనిపించేదానికి, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఉన్న ఇవాన్ ముల్లర్ పేరు చెబుతారు.

ఫేసింగ్‌ను కొలిచే పనిముట్టు మళ్లీ ఎల్కార్ట్‌దే. ఆ ఊరి వాద్యాల మరమ్మతు నిపుణుడు ఎరిక్ బ్రాండ్ పేరుతో చలామణి అయ్యే గాజు పలక అది. దాని మీద అర మిల్లీమీటరుకొక గీత. పలకను మౌత్‌పీస్ బల్లకు ఆనించి, సందులోకి ఉక్కు రేకులను ఒకదాని తరవాత ఒకటి దూర్చి, ఎక్కడ ఆగిందో చదువుతారు. అన్నిటికన్నా పల్చని రేకు అంగుళంలో 0.0015 వంతు మందం. అది 34 అనే గీత దగ్గర ఆగితే వంపు 17 మిల్లీమీటర్ల పొడవున మొదలైనట్టు. గాజు మీద రేకు తాకి ఆగే ఆ చిన్న ఆనవాలు కనిపెట్టడానికి ఓపిక కావాలి. వేలు కాస్త నొక్కితే గీత మారిపోతుంది.

ఇంత శ్రమపడి రాసుకున్న అంకెలు మౌత్‌పీస్ ఇప్పుడెలా ఉందో చెబుతాయి, పుట్టినప్పుడు ఎలా ఉందో చెప్పవు. డెబ్బై ఏళ్లలో అది ఎంతమంది చేతుల్లో పడిందో! ప్రతివాడూ తన పెదవికి తగినట్టు ఇసుక కాగితం మీద రెండు రుద్దులు రుద్ది ఉంటాడు. షెడెవిల్ బ్లాంకు, కాస్పర్ ఫేసింగ్, ఆ మీదట పేరు లేని ఒక ఊరి రిపేరువాడి ఫేసింగ్: ఇప్పుడు పలుకుతున్నది ఆ చివరివాడి పని. అమ్మేవాళ్లు ఈ సంగతి కావాలని చెప్పరు. కొనేవాళ్లు అడగరు.

ఎల్కార్ట్‌లో 1919లో జెస్సీ జేమ్స్ బాబిట్ పెట్టిన కంపెనీ ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. పశ్చిమ అమెరికా దారిదోపిడీ దొంగ పేరే తల్లిదండ్రులు ఆయనకు ఎందుకు పెట్టారో గానీ, ఆయన మాత్రం నిక్కచ్చిగా పని చేసుకున్నవాడు. వాయిద్యాల కంపెనీలకూ, దుకాణాలకూ, సొంత పేరుతో అమ్ముకునే వాద్యకారులకూ బాబిట్ మౌత్‌పీసులు పోసి ఇచ్చాడు. ఫ్రాన్సులో రిఫో, జర్మనీలో జిన్నర్ ఇలాంటి సంస్థలే. గత కొన్ని దశాబ్దాల్లో అమెరికాలో చేతిపనికి పేరుపడ్డ కళాకారుల ఖరీదైన మౌత్‌పీసుల్లో చాలావాటి కింద ఉన్నది జిన్నర్ బ్లాంకు. ఇందులో మోసమేమీ లేదు. వాళ్లు అమ్మేది తమ చేతి ఫేసింగ్‌ను. అయినా ఈ మూడు సంస్థల పేర్లూ సంగీత సభల ప్రోగ్రాం పుస్తకాల్లో ఎక్కడా కనబడకపోవడం అన్యాయమే. గిటారు కొన్నవాడు చెక్క ఎక్కడిదని అడుగుతాడు, క్లారినెట్టువాడు బ్లాంకు ఎవరిదని అడగడు.

ముద్రలు పనికిరావని కాదు, వాటిని చదవడం రావాలి. సెల్మర్ పేరునే తీసుకుంటే, ఆన్రీ (ఇంగ్లిషు పలుకుబడిలో హెన్రీ) సెల్మర్ 1885లో పారిస్‌లో రీడ్‌లు, మౌత్‌పీసులతో వ్యాపారం మొదలుపెట్టాడు. క్లారినెట్లు ఆ తరవాత. తమ్ముడు అలెగ్జాండర్ అమెరికా ఆర్కెస్ట్రాల్లో వాయిస్తూ న్యూయార్క్‌లో ఆ సరుకు అమ్మాడు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో సెల్మర్ క్లారినెట్లకు బంగారు పతకం వచ్చింది. అలెగ్జాండర్ తిరిగి పారిస్ వెళ్లిపోయినప్పుడు న్యూయార్క్ దుకాణం జార్జి బండీ చేతికి వచ్చింది. అన్నదమ్ముల పేర్ల తొలి అక్షరాలతో హెచ్ అండ్ ఎ సెల్మర్ అని పిలిచే ఆ అమెరికా సంస్థ 1927లో ఎల్కార్ట్‌కు మారింది. అంటే ముద్రలో హెన్రీ సెల్మర్ పారిస్ అని ఉంటే ఒక కథ, హెచ్ అండ్ ఎ అని ఉంటే ఇంకొక కథ, బండీ అని ఉంటే బడిపిల్లల క్లారినెట్ వెంట వచ్చినది. ఒకే ఇంటిపేరు మీద సముద్రానికి ఇవతలొకటి, అవతలొకటి.

చిరునామా ఇంకా ఉపయోగపడుతుంది. ఆర్నల్డ్ బ్రిల్‌హార్ట్ 1930ల చివర నుంచి ప్లాస్టిక్ మౌత్‌పీసులు చేశాడు: తెల్లనివి టొనాలిన్, నల్లనివి ఎబొలిన్. వాటి మీద వరస సంఖ్య కూడా వేశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేట్ నెక్ ఊరి పేరున్నవి తొలినాటివి, కాలిఫోర్నియా కార్ల్స్‌బాడ్ పేరున్నవి తరవాతివి. ఊరు మారిందంటే తేదీకి ఒక గడి బిగిసినట్టే. పాత కంపెనీల చిరునామాలు, అవి నడిచిన ఏళ్లు వెదకాలంటే గాలి వాద్యాల తయారీదారుల మీద లిండ్సే లాంగ్‌విల్ 1960లో వేసిన సూచిక ఉంది. దాన్ని విలియం వాటర్‌హౌస్ తిరగరాసి పెంచి 1993లో కొత్త లాంగ్‌విల్ సూచికగా తెచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దపు వేణువుల వాళ్ల నుంచి మొన్నటి కార్ఖానాల దాకా అందులో ఉంటారు.

ముద్ర అంచు కూడా మాట్లాడుతుంది. వేడి చేసిన అచ్చుతో రబ్బరులోకి నొక్కిన అక్షరం చుట్టూ, భూతద్దంలో చూస్తే, నొక్కుకు పక్కకు జరిగిన రబ్బరు సన్నటి గట్టులా నిలిచి ఉంటుంది. అందులో నింపిన బంగారు రంగు మూలల్లో మాత్రమే మిగిలి, మిట్ట మీద పెదవుల రాపిడికి అరిగిపోయి ఉంటుంది. లేజర్‌తో చెక్కిన అక్షరానికి గట్టు ఉండదు, అడుగు గరుకుగా కాలినట్టుంటుంది. ముద్ర అరగకుండా కొత్తగా మెరుస్తూ, దాని చుట్టూ ఉన్న రబ్బరు మాత్రం పళ్లగాట్లతో నిండి ఉంటే, పేరు ముక్క కన్నా చిన్నదని తెలుసుకోవాలి.

గాజు మౌత్‌పీసులకు వేరే చూపు కావాలి. ఇండియానాపొలిస్‌లో హ్యారీ ఒబ్రయన్ చేసినవి, ఇటలీలో పొమరికో చేసినవి ప్రసిద్ధం. గాజు వంకర పోదు, పళ్లు దిగవు, రుద్దితే అరగడమూ కష్టం. అందుకే వాటి ఫేసింగ్ చాలావరకు పుట్టినప్పటిదే అయి ఉంటుంది. చెక్కలోనూ రబ్బరులోనూ దొరకని నమ్మకం అది. దానికి చెల్లించే మూల్యం చేయి జారిన ఒక్క క్షణం.

పేరుకు గిరాకీ ఎంత ఉంటుందో చెప్పడానికి షెడెవిల్ ఒకటి చాలు. కుటుంబం చేతిలో నుంచి పోయాక ఆ పేరు ఒకరి తరవాత ఒకరికి అమ్ముడవుతూ వచ్చింది. ఇప్పుడు అమెరికా జార్జియా రాష్ట్రంలోని సవానాలో శాక్సఫోన్ మౌత్‌పీసులతో పేరు తెచ్చుకున్న జోడీజాజ్ కంపెనీది. వాళ్లు కంప్యూటరు యంత్రాల మీద కోసి చేస్తున్న కొత్త షెడెవిల్ మంచి మౌత్‌పీసే కావచ్చు. పాతదాన్ని గుర్తించాలనుకునేవాళ్లకు మాత్రం అది ఇంకో పొర. వందేళ్ల తరవాతి పరిశోధకుడు షెడెవిల్ పేరున్న ముక్కను చేతిలోకి తీసుకున్నప్పుడు పారిస్, ఫిలడెల్ఫియాలతో పాటు సవానా కూడా లెక్కలోకి తెచ్చుకోవాలి.

ఇన్ని పరీక్షలకూ లొంగనివి ఉన్నాయి. న్యూయార్క్ వుడ్‌విండ్ కంపెనీ స్టీల్ ఎబొనైట్ అని గొప్పగా ముద్రవేసి అమ్మిన మౌత్‌పీసుల్లో స్టీలేమీ లేదు, గట్టి రబ్బరుకు పెట్టుకున్న వ్యాపారపు పేరది. పాత మేళాల పెట్టెల్లో ఏ పేరూ లేనివి, పారిస్ అని మాత్రమే ఉన్నవి, ఎవరిదో సంతకం సగం అరిగినవి కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో షెడెవిల్ అచ్చులో పుట్టిన దాన్ని నాలుగు రూపాయలకు అమ్మేసుకున్నవాళ్లూ ఉంటారు, ఉత్త బడిపిల్లల ముక్కకు వేలు పోసినవాళ్లూ ఉంటారు. పేరు లేనిదాన్ని ముందు లోపలికి చూసి, తరవాత ఊది, ఆ పైన మాత్రమే ధర అడిగే అలవాటున్నవాళ్లు ఈ బజారులో తక్కువగా నష్టపోతున్నారు.

ఇంతా చేసి మౌత్‌పీస్ సొంతంగా మోగదు. మోగేది దాని మీద ఆనించిన రెల్లు. మధ్యధరా తీరంలో, ఫ్రాన్సు దక్షిణాన వార్ ప్రాంతంలో పెరిగే ఆ రెల్లు కోసం ప్రపంచంలోని క్లారినెట్టు, శాక్సఫోను వాళ్లంతా ఒకే నేలను ఎందుకు నమ్ముకున్నారో వచ్చే భాగంలో.